ఆమ్ల వ్యర్థజలానికి మెంబ్రేన్ వడపోత: నమూనా తీయడం నుంచి పొర కడగడం దాకా

"మా వ్యర్థజలం పీహెచ్ 2 ఉంది. ఏ మెంబ్రేన్ (వడపోత పొర) వేయమంటారు?" నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగిన రూపంలో దీనికి జవాబు లేదు. పీహెచ్ 2 అన్న ఒక్క అంకె చూసి ఆ నీళ్ళలో ఇనుము ఎంతుందో, సల్ఫేటు ఎంతుందో, చివర్లో మీకు ఏం కావాలో చెప్పలేం. ఇవి తేలకముందే కొన్న మెంబ్రేన్లు కొన్ని నెలలకే తుక్కులోకి వెళ్ళడం చూశాను. అందుకే ఈ మార్గదర్శిలో మెంబ్రేన్ ఎంపిక ఆరో అంచెలో గానీ రాదు.

లోహాల పిక్లింగ్ (తుప్పు పోవడానికి ఆమ్లంలో ముంచడం), ఎలక్ట్రోప్లేటింగ్, బ్యాటరీల తయారీ, గనుల నీరు, ఎచింగ్... ఎక్కడి ఆమ్ల జలమైనా పని వరుస ఇదే.

1. మొదట ప్రాణం సంగతి

నమూనా సీసా చేతిలోకి తీసుకునే ముందే ఇవి సరిచూసుకోండి.

- సైనైడ్ లేదా సల్ఫైడ్ ఉన్న లైను ఆమ్లపు లైనులో ఎక్కడా కలవకూడదు. కలిస్తే హైడ్రోజన్ సైనైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు వస్తాయి. రెండూ చంపేవే. డ్రాయింగు చూసి నమ్మకండి, పైపు వెంట నడిచి చూడండి.
- ఆమ్ల జలంలో హైపోక్లోరైట్ పోయకండి. క్లోరిన్ వాయువు వెలువడుతుంది.
- గాఢ ఆమ్లాన్ని నీళ్ళలోకి పోయాలి, నీళ్ళను ఆమ్లంలోకి కాదు.
- కార్బోనేట్లు కలిసే ట్యాంకుకు గాలి పోయే దారి ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ పొంగి మూసిన ట్యాంకులో గాలిని నెట్టేస్తుంది.
- హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాలి, దాన్ని వాడడం అందరికీ తెలిసుండాలి.
- కళ్ళు కడుక్కునే షవర్ పనిచేస్తోందా? ఇప్పుడే తిప్పి చూడండి.

2. నీటి జాతకం రాసుకోండి

ఒక్క గ్లాసు నమూనాతో ప్లాంటు డిజైన్ చేయకూడదు. ఆమ్ల జలం రోజంతా ఒకేలా రాదు. మామూలుగా కడిగిన నీళ్ళు వస్తుంటాయి, ఉన్నట్టుండి ఎవరో పాత పిక్లింగ్ బాత్ (ముంచే తొట్టిలోని ఆమ్లం) ఖాళీ చేస్తారు. పొరను చంపేది సగటు నీరు కాదు, ఆ పది నిమిషాల నీరు.

కాబట్టి రెండు రకాల నమూనాలు తీయండి. ఒకటి 24 గంటల పాటు గంట గంటకూ తీసి కలిపినది. రెండోది బాత్ వదిలినప్పుడు విడిగా పట్టినది.

అక్కడికక్కడే కొలవాల్సినవి: పీహెచ్, ఉష్ణోగ్రత, ఫెర్రస్ (రెండు వేలెన్సీ) ఇనుము. ఫెర్రస్ ఇనుము సీసాలో ఉండగానే గాలి సోకి ఫెర్రిక్‌గా (మూడు వేలెన్సీకి) మారిపోవచ్చు. మర్నాడు ల్యాబ్ ఇచ్చే అంకె నిన్నటి నీళ్ళది కాకపోవచ్చు.

ల్యాబ్‌కు పంపాల్సిన జాబితా:

- ఇనుము (మొత్తం, కరిగినది వేర్వేరుగా), అల్యూమినియం, రాగి, జింక్, నికెల్, మాంగనీస్
- క్రోమియం ఉంటే ఆరు వేలెన్సీ ఎంత, మూడు వేలెన్సీ ఎంత
- కాల్షియం, మెగ్నీషియం, బేరియం, స్ట్రాన్షియం
- సల్ఫేట్, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఫాస్ఫేట్
- సిలికా
- తేలియాడే ఘనపదార్థాలు, టర్బిడిటీ (మసక), నూనె, సీఓడీ (సేంద్రియ కాలుష్యపు కొలత), మొత్తం కరిగిన లవణాలు
- పెరాక్సైడ్, క్లోరిన్ లాంటి ఆక్సీకరణులు

కరిగిన లోహాలకు పంపే నమూనాను ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, తర్వాత నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా కిందికి దించాలి. వరుస తలకిందులైతే తేలే తుప్పు కూడా కరిగిపోయి లెక్కలోకి వస్తుంది.

ఇక అందరూ దాటేసే పరీక్ష ఒకటుంది: టైట్రేషన్. పీహెచ్ అంకె నీళ్ళలో ఉన్న ఆమ్లం మొత్తాన్నీ చూపదు.

లెక్క చూడండి. గంటకు 10 ఘనపు మీటర్ల నీరు, పీహెచ్ 2. లీటరుకు 0.01 మోల్ చొప్పున గంటకు 100 మోల్‌ల హైడ్రోజన్ అయాన్లు. వీటికి 4 కిలోల కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) చాలు. అదే పీహెచ్ 3 అయితే 400 గ్రాములే, ఎందుకంటే పీహెచ్‌లో ఒక్కో మెట్టు పదింతలు.

ఇప్పుడు అదే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల ఫెర్రిక్ ఇనుము ఉందనుకోండి. గంటకు 5 కిలోల ఇనుము, అంటే దాదాపు 90 మోల్‌లు. ఒక్కో ఇనుము అయాను మూడు హైడ్రాక్సైడ్‌లను లాక్కుంటుంది. దానికే అదనంగా సుమారు 10.7 కిలోల కాస్టిక్ పోతుంది. పీహెచ్ మీటర్ చూపిన ఆమ్లం కన్నా అది చూపని ఇనుము రెండున్నర రెట్లకు పైగా క్షారాన్ని మింగిందన్నమాట. డోసింగ్ పంపు చిన్నదైపోయిందని మొత్తుకునే చోట్ల ఎక్కువగా జరిగింది ఇదే.

ఒక లీటరు నీళ్ళు తీసుకుని, కొంచెం కొంచెంగా కాస్టిక్ వేస్తూ, ప్రతిసారీ పీహెచ్ రాసుకుని గ్రాఫ్ గీయండి. ఆ గీత ఎక్కడ చదునుగా ఉందో, ఎక్కడ నిట్టనిలువుగా లేచిందో అయిదో అంచెలో కావాలి.

3. మీకు కావలసింది ఆమ్లమా, నీళ్ళా?

ఇదే అసలు మలుపు.

ఆమ్లాన్ని తిరిగి వాడుకోవాలంటే పీహెచ్ ముట్టుకోకూడదు. లోహాలను ఆపి ఆమ్లాన్ని వదిలే పొర కావాలి. అది నానో ఫిల్ట్రేషన్.

నీళ్ళను తిరిగి వాడుకోవాలన్నా, బయటికి వదలాలన్నా ముందు తటస్థీకరించి, లోహాలను బురదగా దించి, ఆపైన సన్నని రేణువులను ఆపే అల్ట్రా ఫిల్ట్రేషన్, కరిగిన లవణాలను ఆపే ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) వేయాలి.

ఈ రెండింటినీ కలిపేసి "కొంచెం క్షారం వేసి పీహెచ్ 4.5కు తెచ్చి ఆర్‌ఓకు ఇద్దాం, పొరకూ మంచిది" అనుకుంటారు. ఇదే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. ఫెర్రిక్ ఇనుము పీహెచ్ 3 దాటగానే హైడ్రాక్సైడ్‌గా విడిపోవడం మొదలవుతుంది, అల్యూమినియం 5 దగ్గర. 3 నుంచి 6 మధ్య నిలిపిన నీళ్ళలో ఈ రెండూ సగం కరిగీ సగం కరగకా ఉంటాయి. ఫీడ్ (పొరకు ఇచ్చే నీటి) ట్యాంకులో తేటగా కనిపించిన నీరు పొర మీద గాఢత పెరిగేసరికి జిగట బురదవుతుంది.

లోహాలున్న నీటికి నేను పెట్టుకున్న నియమం: పూర్తిగా కింద ఉండు, లేదా పూర్తిగా పైకి వెళ్ళి వడకట్టుకుని రా. మధ్యలో ఆగకు.

తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు:

- ఆమ్లం గాఢంగా ఉందా? పీహెచ్ 2.5 పైన ఉన్న పల్చటి కడుగునీళ్ళ నుంచి ఆమ్లం రాబట్టడం శ్రమ దండగ.
- వచ్చిన ఆమ్లాన్ని ఏ బాత్‌లో వాడతారో ఇప్పుడే చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ దారి వద్దు.
- గాఢమైన బాత్, పల్చటి కడుగునీరు వేర్వేరు పైపుల్లో వస్తున్నాయా? వస్తుంటే బాత్‌కు ఒక దారి, కడుగునీటికి ఇంకో దారి పెట్టండి. విడదీయడం అన్నిటికన్నా చౌకైన శుద్ధి.

4. మొదటి దారి: ఆమ్లాన్ని రాబట్టడం

చాలా పాలియమైడ్ నానో పొరలకు పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఎక్కడో విద్యుదావేశం సున్నా అవుతుంది. అంతకు కిందికి పోతే పొర ధనావేశం పొందుతుంది. రెండు, మూడు ఆవేశాలున్న లోహ అయాన్లను అది నెట్టేస్తుంది. చిన్నదైన హైడ్రోజన్ అయాను మాత్రం దూరిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఇంకో సౌలభ్యం ఉంది. పీహెచ్ 2 దగ్గర సల్ఫేటులో దాదాపు సగం బైసల్ఫేటుగా మారుతుంది. ఒకే ఆవేశం ఉన్న బైసల్ఫేటు పొరను తేలిగ్గా దాటుతుంది.

వరుస ఇలా:

- చల్లబరచండి. మామూలు స్పైరల్ (చుట్టగా చుట్టిన) పొరల్లో చాలావాటికి 45 డిగ్రీల సెల్సియస్ గరిష్ఠం. గాఢ ఆమ్లంలో తయారీదారు ఇచ్చే హద్దు ఇంకా తగ్గవచ్చు.
- నూనె తీసేయండి. తర్వాత 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఫిల్టర్. ఘనపదార్థం ఎక్కువైతే దానికి ముందు సిరామిక్ లేదా పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) మైక్రో ఫిల్ట్రేషన్.
- ఆమ్లాన్ని తట్టుకుంటుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన నానో పొరనే వాడండి. గాఢత, ఉష్ణోగ్రత, ఎన్ని గంటలు... ఈ మూడూ ఆ కాగితంలో ఉండాలి.
- తక్కువ రికవరీతో (ఫీడ్‌లో పొర దాటి వచ్చే వాటా) మొదలుపెట్టి పెంచుకుంటూ పొండి. రిజెక్ట్‌లో (పొర దాటకుండా మిగిలిన నీటిలో) లోహాల గాఢత పెరిగేకొద్దీ ఆస్మాటిక్ పీడనం పెరిగి పర్మియేట్ (పొర దాటిన నీరు) తగ్గుతుంది.

ఒక అపోహ: నానో ఫిల్ట్రేషన్ ఆమ్లాన్ని గాఢం చేయదు. పర్మియేట్‌లో వచ్చే ఆమ్లం ఉజ్జాయింపుగా ఫీడ్‌లో ఉన్నంత గాఢతే, లోహాలు మాత్రం బాగా తగ్గి ఉంటాయి. బాత్‌లో వాడేముందు కొత్త ఆమ్లం కొంత కలపక తప్పదు. ఒక ఆమ్లపు బాత్ బాగా గాఢంగా ఉండి, పరిమాణం తక్కువైతే డిఫ్యూజన్ డయాలసిస్ (గాఢత తేడాతోనే ఆమ్లం పొర దాటే పద్ధతి) కూడా చూడండి. పీడనం అక్కర్లేదు, నెమ్మదిగా పని చేస్తుంది.

5. రెండో దారి: తటస్థీకరించి నీళ్ళు రాబట్టడం

ముందు ఈక్వలైజేషన్ ట్యాంకు, అంటే వచ్చే నీళ్ళన్నీ కలిసి ఒకేలా అయ్యే ట్యాంకు. కనీసం 8 గంటల నీరు పట్టాలి, బాత్‌లు వదిలే చోట 24 గంటలది. అందులో కలిపే ఏర్పాటు ఉండాలి, లేకపోతే అది వట్టి నిల్వ ట్యాంకే.

తర్వాత తటస్థీకరణ, అదీ రెండు అంచెల్లో. మీ టైట్రేషన్ గ్రాఫ్ చూస్తే కారణం తెలుస్తుంది. పీహెచ్ 3.5 వరకు గీత చదునుగా నడుస్తుంది, తర్వాత నిలువుగా లేస్తుంది. ఒకే ట్యాంకులో 2 నుంచి 9కి తేవాలని చూస్తే డోసింగ్ పంపు రోజంతా ఊగిసలాడుతుంది. మొదటి ట్యాంకులో పెద్ద డోసుతో 3.5 దగ్గరికి, రెండో ట్యాంకులో చిన్న డోసుతో కావలసిన చోటికి తీసుకురండి. సున్నం వాడితే ఒక్కో ట్యాంకులో కనీసం 20 నుంచి 30 నిమిషాలు నీరు నిలవాలి. సున్నం కరగడానికి టైం పడుతుంది.

ఎంత వరకు తేవాలన్నది లోహాన్ని బట్టి:

- ఫెర్రిక్ ఇనుము: 3.5 నుంచి 4కే చాలావరకు దిగుతుంది
- అల్యూమినియం: 5.5 నుంచి 7. తొమ్మిది దాటితే మళ్ళీ కరుగుతుంది
- మూడు వేలెన్సీ క్రోమియం: 7.5 నుంచి 9
- రాగి: 8 నుంచి 9
- జింక్: 9 నుంచి 10
- నికెల్: 10 నుంచి 11

అల్యూమినియం, నికెల్ రెండూ ఉన్నాయనుకోండి. ఒకటి దిగే చోట ఇంకొకటి కరుగుతుంది. అప్పుడు ముందు 6.5 దగ్గర ఒక బురద తీసి, తేటనీటిని 10.5కు పెంచి రెండో బురద తీయాలి. ఆరు వేలెన్సీ క్రోమియం హైడ్రాక్సైడ్‌గా దిగదు. దాన్ని పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉండగానే బైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీకి తెచ్చాకే క్షారం వేయాలి. ఫెర్రస్ ఇనుము ఉంటే గాలి ఊదాలి. పీహెచ్ తక్కువగా ఉంటే ఆ ఆక్సీకరణ నత్తనడకన సాగుతుంది కాబట్టి 7 దాటాకే ఊదండి.

సున్నమా, కాస్టిక్కా?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. సున్నం చౌక, బురద గట్టిగా దిగుతుంది, కాబట్టి కళ్ళు మూసుకుని సున్నం అంటారు. ఆ నీరు బయటికి పోయేదైతే సరే. దాని తర్వాత ఆర్‌ఓ ఉందంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

లీటరుకు 2 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సున్నంతో తటస్థీకరిస్తే సుమారు 3.5 గ్రాముల జిప్సం (కాల్షియం సల్ఫేట్) తయారవుతుంది. నీళ్ళలో కరిగి ఉండగలిగేది 2 నుంచి 2.5 గ్రాములే. మిగతాది బురదలోకి పోయినా, పైకి తేలిన తేటనీరు జిప్సంతో నిండుగా ఉంటుంది. దాన్ని ఆర్‌ఓకు ఇచ్చి 50 శాతం రికవరీ తీస్తే రిజెక్ట్ రెండింతలు గాఢం, 75 శాతం తీస్తే నాలుగింతలు. జిప్సం చివరి ఎలిమెంట్లలో (పొర చుట్టిన గొట్టాల్లో) రాయిలా పేరుకుంటుంది. పైగా అది ఆమ్లంలోనూ అంతగా కరగదు. పీహెచ్ తగ్గిస్తే పోతుందిలే అనుకోవడానికి అది కార్బోనేటు కాదు.

నా సలహా:

- సల్ఫేటు ఎక్కువ, తర్వాత ఆర్‌ఓ ఉంది: కాస్టిక్ లేదా సోడా యాష్ (సోడియం కార్బోనేట్). సోడియం పెరిగి లవణాల భారం పెరుగుతుంది, బురద దూదిలా ఉండి దిగడానికి మొరాయిస్తుంది. ఆ నష్టాలు భరించదగ్గవే.
- ఆమ్లం మరీ ఎక్కువై కాస్టిక్ ఖర్చు తట్టుకోలేం: మొదటి ట్యాంకులో సున్నం, రెండో దాంట్లో కాస్టిక్, తేటనీటిలో మిగిలిన కాల్షియాన్ని సోడా యాష్‌తో దించి అప్పుడు ఆర్‌ఓ.
- హైడ్రోక్లోరిక్ లేదా నైట్రిక్ ఆమ్లం, సల్ఫేటు తక్కువ: సున్నానికి అభ్యంతరం లేదు.
- ఫ్లోరైడ్ ఉంది: కాల్షియం కావాల్సిందే, కాల్షియం ఫ్లోరైడ్‌గా దించడానికి.
- సున్నపురాయి ముక్కల బెడ్: ఇనుము, జిప్సం రాయి చుట్టూ పెంకు కట్టి లోపలి రాయి పనికిరాకుండా పోతుంది. ఇనుము ఉన్న నీటికి వద్దు.

బురదను తీయడానికి రెండు పద్ధతులు. క్లారిఫయర్ (బురద అడుగుకు దిగే ట్యాంకు) పెట్టి పైనీటిని అల్ట్రా ఫిల్ట్రేషన్‌కు ఇవ్వడం ఒకటి. క్లారిఫయర్ లేకుండా హైడ్రాక్సైడ్ బురదనీటినే గొట్టపు మైక్రో ఫిల్టర్‌లోకి సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో తిప్పడం రెండోది. కాస్టిక్ బురద దిగకుండా సతాయించే చోట రెండోదే నయం. ఈ ఫిల్టర్‌కు ముందు పాలిమర్ వేయకండి. అది పొర రంధ్రాలకు అతుక్కుంటుంది.

తేటనీటి పీహెచ్‌ను ఆర్‌ఓకు ముందు 6.5 నుంచి 7కు దించండి. వడకట్టాకే దించాలి. బురద తేలుతుండగా దించితే లోహాలు మళ్ళీ కరుగుతాయి.

6. ఇప్పుడు పొర ఎంచుకోండి

సెల్యులోజ్ అసిటేట్: పీహెచ్ 4 నుంచి 6 మధ్యే క్షేమం. ఆమ్ల జలానికి దాని పేరు ఎత్తకండి.

పాలియమైడ్ ఆర్‌ఓ, నానో: నడిచేటప్పుడు మామూలుగా 2 నుంచి 11, కడిగేటప్పుడు కొద్దిసేపు 1 నుంచి 13. ఆ హద్దు అంచున రోజూ నడపకండి. బలమైన ఆమ్లం పొర గొలుసులను నెమ్మదిగా విడగొడుతుంది, లక్షణం కనిపించేసరికి వైద్యం ఉండదు. క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రామ్ దాటకూడదు.

పీవీడీఎఫ్, పాలీఈథర్‌సల్ఫోన్: అల్ట్రా, మైక్రో ఫిల్ట్రేషన్‌కు బాగుంటాయి. ఆమ్లాన్ని తట్టుకుంటాయి. పీవీడీఎఫ్‌కు భయం గాఢ కాస్టిక్‌తోనే, కడిగేటప్పుడు గుర్తుంచుకోండి.

సిరామిక్: వేడి, ఆమ్లం, నూనె దేన్నయినా ఓర్చుకుంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటే మాత్రం వద్దు, ఆక్సైడును తినేస్తుంది.

పొర తట్టుకున్నా మిగతావి తట్టుకోవాలి కదా. స్పైరల్ ఎలిమెంట్‌లో జిగురు, మధ్య గొట్టం, ఓ రింగులు ఉంటాయి. ఈపీడీఎం రింగు ఆమ్లానికి మంచిదే, నూనె తగిలితే ఉబ్బుతుంది. 316 స్టెయిన్‌లెస్ స్టీలు క్లోరైడు ఉన్న ఆమ్లంలో గుంటలు పడుతుంది. "స్టెయిన్‌లెస్ కదా" అని ధీమాగా ఉన్న పంపులో ఇంపెల్లర్ జల్లెడైపోవడం చూశాను. తక్కువ పీడనపు లైన్లకు సీపీవీసీ, పాలీప్రొపిలీన్, పీవీడీఎఫ్ వాడండి. ఎక్కువ పీడనం ఉన్నచోట ఏ మిశ్రమలోహమన్నది ఆమ్లం రకం, క్లోరైడు చూసి తేల్చాలి.

ఆర్‌ఓ దేన్ని ఆపదో కూడా తెలిసుండాలి. తక్కువ పీహెచ్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆవేశం లేని అణువుగా ఉండి పొరను దాటేస్తుంది. 3.2 దగ్గర సగం అణువులు, 5.2 దగ్గర ఒక శాతమే. ఫ్లోరైడ్‌ను ఆపాలంటే పీహెచ్ పెంచక తప్పదు. అసిటిక్ లాంటి సేంద్రియ ఆమ్లాలదీ ఇదే కథ.

7. ఆర్‌ఓ గుమ్మం దగ్గర తనిఖీ

- టర్బిడిటీ 1 ఎన్‌టీయూ లోపు
- ఎస్‌డీఐ (నీరు పొరను ఎంత త్వరగా పూడుస్తుందో చెప్పే సూచిక) 5 లోపు, 3 లోపైతే నిశ్చింత
- ఇనుము లీటరుకు 0.05 మిల్లీగ్రామ్ లోపు (తటస్థ నీటికి)
- నూనె కంటికే కాదు, పరీక్షలోనూ కనిపించకూడదు
- క్లోరిన్, పెరాక్సైడ్ సున్నా

యాంటీస్కేలెంట్ (పొర మీద లవణాలు గట్టిపడకుండా వేసే మందు) వేస్తుంటే దాని తయారీదారుకు మీ అసలు పీహెచ్, ఇనుము అంకెలు చెప్పండి. చాలా యాంటీస్కేలెంట్లు తక్కువ పీహెచ్‌లో బలం కోల్పోతాయి. ఇనుము, అల్యూమినియం మిగిలి ఉంటే వాటితోనే కలిసి మడ్డి కడతాయి.

8. పైలట్ (చిన్న స్థాయి పరీక్ష) లేకుండా ఆర్డర్ ఇవ్వకండి

ముందు నానబెట్టే పరీక్ష. పొర ముక్కలను మీ అసలు నీళ్ళలో, మీరు నడిపే ఉష్ణోగ్రతలో ముంచి ఉంచండి. వారం వారం ఒక ముక్క తీసి మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణంతో రిజెక్షన్ (పొర ఎంత శాతం లవణాన్ని ఆపుతోందో) కొలవండి. నాలుగు వారాల్లో రిజెక్షన్ జారుతూ పోతే ఆ పొర మీ నీటికి పనికిరాదు.

తర్వాత చిన్న యూనిట్‌ను రెండు నుంచి నాలుగు వారాలు నడపండి. రికవరీని 40, 50, 60 శాతం అలా మెట్టుమెట్టుగా పెంచండి. ప్రతి మెట్టు మీద కొన్ని రోజులు ఆగండి, ఒక రోజు ఫలితం చూసి ఎక్కేయకండి. మధ్యలో ఒకసారైనా బాత్ వదిలిన నీళ్ళు దాని మీదుగా వెళ్ళాలి. పైలట్ నడిచే రోజుల్లో "ఇవాళ బాత్ వదలొద్దులే" అని జాగ్రత్తపడితే ఆ పైలట్ మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడానికే.

9. మొదటిసారి నడపడం

- ఎలిమెంట్లు పెట్టకముందే పైపులన్నీ ఫ్లష్ చేయండి.
- పంపు పీడనాన్ని సెకనుకు 0.7 బార్ మించకుండా పెంచండి.
- మొదటి గంట పర్మియేట్‌ను పారబోయండి.
- 48 గంటలు గడిచాక నమోదైన అంకెలే మీ ప్రామాణికం. ఆ కాగితం పోగొట్టుకోకండి.

10. రోజువారీ నమోదు

రోజూ ఒకే టైంకి రాయాల్సినవి: ఫీడ్ పీహెచ్, ఉష్ణోగ్రత, ఫీడ్, రిజెక్ట్ పీడనాలు, ఫీడ్, పర్మియేట్, రిజెక్ట్ మూడింటి ప్రవాహాలు, కండక్టివిటీలు (కరెంటు మోసే గుణం).

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే పర్మియేట్ సుమారు 3 శాతం మారుతుంది. ఈ సవరణ చేయకుండా పోల్చితే చలికాలంలో లేని ఫౌలింగ్ (పొర పూడుకుపోవడం) కనిపిస్తుంది, ఎండాకాలంలో ఉన్నది కనిపించదు.

కండక్టివిటీ విషయంలో ఆమ్ల జలం తికమక పెడుతుంది. హైడ్రోజన్ అయాను సోడియం కన్నా ఏడింతలు ఎక్కువగా కరెంటు మోస్తుంది. పీహెచ్ 3 ఉన్న పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం సెంటీమీటరుకు దాదాపు 420 మైక్రోసీమెన్స్ చూపుతుంది. అంతే మోల్‌ల ఉప్పు 125 మాత్రమే. పర్మియేట్ కండక్టివిటీ ఎక్కువగా ఉందని పొర చిరిగిందనుకోకండి. దాని పీహెచ్ చూడండి, ఒకసారి లోహాల పరీక్ష చేయించండి.

పీహెచ్ ప్రోబ్‌ను వారానికోసారి 4, 7 బఫర్లతో సరిచేయాలి. తటస్థీకరణ ట్యాంకులో రెండు ప్రోబ్‌లు పెట్టండి, వాటి మధ్య 0.3 తేడా వస్తే అలారం మోగాలి. సున్నం పొర కట్టిన ప్రోబ్ నింపాదిగా తప్పు చెబుతూనే ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటే మామూలు గాజు ప్రోబ్ నిలవదు.

11. కడగడం

ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి: సవరించిన పర్మియేట్ 10 శాతం తగ్గడం, ఫీడ్ నుంచి రిజెక్ట్‌కు పీడన వ్యత్యాసం 15 శాతం పెరగడం, లవణం దాటడం 5 నుంచి 10 శాతం పెరగడం. బాగా బిగిసిపోయాక కడిగితే సగమే వస్తుంది.

ఏం పేరుకుందో చూసి మందు ఎంచుకోండి. కార్ట్రిడ్జ్ మీదున్న మడ్డినీ, వెసెల్ (ఎలిమెంట్లు వరుసగా పెట్టే పొడవాటి గొట్టం) మూత తీసి చివరి ఎలిమెంట్ అంచునూ గీకి చూడండి. ఆ పొడి మీద ఒక చుక్క పల్చటి ఆమ్లం వేయండి. బుసబుస పొంగితే కార్బోనేట్. ఏమీ కాకుండా తెల్లగా గరగరలాడుతుంటే జిప్సం. గోధుమరంగు జిగట అయితే ఇనుము.

- ఇనుము: 2 శాతం సిట్రిక్ ఆమ్లం. మొండిదైతే 1 శాతం సోడియం హైడ్రోసల్ఫైట్.
- జిప్సం: ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టుకునే రసాయనం), పీహెచ్ 11 నుంచి 12, రాత్రంతా నానబెట్టి. కొత్తగా పట్టిందైతేనే ఆశ.
- నూనె, సేంద్రియాలు: 0.1 శాతం కాస్టిక్, పీహెచ్ 12 దాటకుండా, 30 నుంచి 35 డిగ్రీల దగ్గర.

రెండు రకాలూ ఉంటే మామూలుగా ముందు క్షారం, తర్వాత ఆమ్లం. మధ్యలో మంచి నీటితో పూర్తిగా ఫ్లష్. ద్రావణాన్ని 1.5 నుంచి 4 బార్ మధ్య తిప్పండి. 8 అంగుళాల వెసెల్‌కు గంటకు 6 నుంచి 9 ఘనపు మీటర్లు సరిపోతాయి. మొదట వచ్చే మురికి నీళ్ళను తిరిగి ట్యాంకులోకి పోనీయకండి. గంటసేపు తిప్పి, గంట నానబెట్టి, మళ్ళీ తిప్పాలి. ద్రావణం పీహెచ్ మారుతుంటే మందు పని చేస్తోందన్నమాట, సరిచేస్తూ ఉండండి.

ప్లాంటు ఆపినప్పుడు ఆమ్ల జలాన్ని లోపల వదలకండి. శుభ్రమైన నీటితో ఫ్లష్ చేయండి. రెండు రోజులు మించితే 1 శాతం సోడియం మెటాబైసల్ఫైట్‌లో ఉంచి, దాని పీహెచ్ 3 కన్నా కిందికి దిగకుండా వారానికోసారి చూడండి.

12. రిజెక్ట్ ఎక్కడికి?

దీన్ని డిజైన్ రోజే తేల్చాలి. నానో ఫిల్ట్రేషన్ రిజెక్ట్‌లో లోహాలు గాఢమైన ఆమ్లం ఉంటుంది. లోహం విలువైనదైతే దాన్ని రాబట్టండి, కాకపోతే తటస్థీకరణకు పంపండి. ఆర్‌ఓ రిజెక్ట్‌ను మళ్ళీ ఈక్వలైజేషన్ ట్యాంకులో పోసే అలవాటు ఒకటుంది. సోడియం, క్లోరైడు బయటికి పోయే దారి లేక రోజురోజుకీ పేరుకుంటాయి, నెల తిరిగేసరికి పీడనం చాలక ప్లాంటు ఆగిపోతుంది. దానికి ఎవాపరేటరో, అనుమతి ఉన్న మరో దారో ఉండాలి.

13. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

మొదటి స్టేజిలో (వరుసలో ముందున్న వెసెళ్ళలో) పీడన వ్యత్యాసం పెరిగింది: పైనుంచి ఘనపదార్థమో, ఇనుమో వస్తోంది. కార్ట్రిడ్జ్ మారిస్తే సరిపోదు, తటస్థీకరణ ట్యాంకు పీహెచ్ రికార్డు తీసి గత వారం ఎక్కడ జారిందో చూడండి.

చివరి స్టేజిలో పర్మియేట్ తగ్గింది: స్కేల్ (గట్టిపడిన లవణాల పెంకు). రికవరీ తగ్గించి ముందు కడగండి, తర్వాత కాల్షియం, సల్ఫేటు మళ్ళీ కొలవండి.

ఒక్క వెసెల్ పర్మియేట్ మాత్రమే ఉప్పగా ఉంది: ఓ రింగు. మధ్య గొట్టంలోకి సన్నని ట్యూబు దూర్చి అడుగడుగునా కండక్టివిటీ కొలిస్తే ఏ అతుకు దగ్గరో దొరికిపోతుంది.

అన్ని వెసెళ్ళలోనూ పర్మియేట్ పెరిగింది, లవణమూ పెరిగింది: పొర రసాయనికంగా దెబ్బతింది. ఆక్సీకరణి తగిలిందా, పీహెచ్ హద్దు దాటిందా అని చూడండి. ఈ స్థితికి కడగడం మందు కాదు. కారణం పట్టుకోకుండా కొత్త పొరలు బిగిస్తే అవీ అదే దారి పడతాయి. నాకు తెలిసిన ఒక ప్లాంటులో మూడో సెట్టు మార్చాక గానీ తెలియలేదు: ఫీడ్ పీహెచ్ తగ్గితే ఆర్‌ఓ పంపును ఆపాల్సిన ఇంటర్‌లాక్‌ను పంపు ఊరికే ఆగుతోందని ఎవరో బైపాస్ చేసి పెట్టారు. ఆ ప్యానెల్ తలుపు తీసి చూడడానికి రెండు నిమిషాలు చాలు.